ఖాళీ కమ్మీ ఏం చెబుతుంది? – గోదావరి జిల్లాల దత్తాంశం ఆధారంగా సమూహ కమ్మీ చిత్రాల్లోని ఖాళీల పరిశీలన

వ్యాససంగ్రహం

సమూహ కమ్మీ చిత్రంలో ఏదైనా ఒక వర్గానికి విలువ లేనప్పుడు ఆ చోటు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీ సున్నకు గుర్తా, సమాచారం దొరకలేదనడానికి గుర్తా, అక్కడ ఆ ప్రశ్నే వర్తించదనడానికి గుర్తా అన్నది చిత్రం చెప్పదు. గోదావరి జిల్లాల జనగణన వివరాలు, నరసాపురం లేసు పని, మాండలిక పదసేకరణ అనే మూడు సందర్భాల ఆధారంగా ఈ ఖాళీల స్వభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఖాళీని ఎప్పుడు ఉంచాలి, ఎప్పుడు మూయాలి, ఎప్పుడు చిత్రాన్నే విడిచిపెట్టాలి అన్న అంశాలను చర్చిస్తుంది.

కీలకపదాలు: సమూహ కమ్మీ చిత్రం, దత్తాంశం, ఖాళీ వర్గం, గ్రంథపాతం, జనగణన, గోదావరి జిల్లాలు, మాండలికం.

1. ఉపోద్ఘాతం

తెలుగు శాఖలకు సమర్పించే సిద్ధాంతగ్రంథాల్లో పట్టికలు, చిత్రాలు కనిపించడం ఇప్పుడు వింత కాదు. మాండలిక పదాల వ్యాప్తి, పత్రికల సంఖ్య, కథల్లోని వస్తువైవిధ్యం, రచయితల ప్రాంతీయ నేపథ్యం – దేనిని తీసుకున్నా పరిశోధకులు లెక్కలు కట్టి, వాటిని రంగురంగుల కమ్మీలుగా చూపుతున్నారు. ఇది ఆహ్వానించదగిన పరిణామమే. అయితే పద్యపాఠంలో ఒక్క అక్షరం తేడా కనిపించినా నాలుగు ప్రతులు తిరగేసే మనం, చిత్రం దగ్గరకు వచ్చేసరికి కంప్యూటరు గీసిచ్చిన దానిని ఉన్నదున్నట్టు అతికించి ఊరుకుంటున్నాం. చిత్రం కూడా పాఠమే. దానికీ పరిష్కరణ అవసరం.

ఈ వ్యాసం అలాంటి పరిష్కరణలో ఒక చిన్న అంశానికే పరిమితం. రెండు మూడు కమ్మీలు పక్కపక్కన గుత్తులుగా నిలబడే చిత్రాన్ని సాఫ్ట్‌వేర్లు క్లస్టర్డ్ బార్ చార్ట్ అంటాయి. పాఠశాల గణితంలో బార్ గ్రాఫును కమ్మీ చిత్రం అంటున్నాం కనుక దీనిని ఇక్కడ సమూహ కమ్మీ చిత్రం అని వ్యవహరిస్తున్నాను. ఒక గుత్తిలో ఉండవలసిన కమ్మీ లేకపోతే ఏం చేయాలన్నది ఇక్కడి ప్రశ్న. చూడటానికి ఇది అలంకరణకు సంబంధించిన విషయంలా కనిపిస్తుంది. నిజానికి పరిశోధన నిర్ణయమే దీనిమీద తలకిందులయ్యే సందర్భాలున్నాయి.

2. కమ్మీ చిత్రం పుట్టుక

కమ్మీ చిత్రం పుట్టిందే సమాచారం చాలక. స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో ప్రచురించిన వాణిజ్య, రాజకీయ అట్లాసులో ఇంగ్లండు వ్యాపారాన్ని ఏళ్ల తరబడి సాగే రేఖలుగా గీశాడు. స్కాట్లండు విషయానికి వచ్చేసరికి అతని దగ్గర 1780 క్రిస్మస్ నుంచి 1781 క్రిస్మస్ వరకు, ఒక్క సంవత్సరపు లెక్కలే ఉన్నాయి. ఒక్క ఏడాదితో రేఖ గీయడం కుదరదు. అందుకని 17 దేశాలను, ప్రాంతాలను వరుసగా పేర్చి, ఒక్కొక్కదానికి దిగుమతి ఒక కమ్మీ, ఎగుమతి ఒక కమ్మీ పక్కపక్కన గీశాడు. అది మొదటి కమ్మీ చిత్రాల్లో ఒకటి. జంట కమ్మీలుండటం వల్ల అది సమూహ కమ్మీ చిత్రం కూడా. కాలశ్రేణి లేదన్న లోటును అతడు దాచలేదు, దానికి తగిన రూపాన్ని వెతికాడు. ఈ చిన్న చరిత్రను గుర్తుంచుకోవడం మనకు మంచిది.

సమూహ కమ్మీ చిత్రంలో ప్రతి కమ్మీకి రెండు చిరునామాలుంటాయి. ఏ గుత్తిలో ఉన్నదన్నది మొదటిది. గుత్తిలో ఎన్నవ స్థానంలో ఉన్నదన్నది రెండవది. మొదటిది సాధారణంగా ప్రాంతమో కాలమో అవుతుంది. రెండవదానిని రంగు కూడా సూచిస్తుంది. ఒక కమ్మీ లేకపోతే ఆ చిరునామాలో ఇల్లు లేనట్టు కనిపిస్తుంది. ఇల్లు కట్టలేదా, కట్టింది కూలిందా, అసలు అది చెరువా అన్నది వీధిలో నిలబడి చూసేవాడికి తెలియదు.

3. ఇరవై స్థానాలు, ఆరు కమ్మీలు

దీనికి గోదావరి జిల్లాలకు మించిన ఉదాహరణ నాకు తోచలేదు. తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి, కాకినాడ, కోనసీమ, ఏలూరు అనే ఐదు జిల్లాల జనాభాను 1991, 2001, 2011, 2021 సంవత్సరాలకు కమ్మీలుగా చూపాలని ఒక పరిశోధకుడు అనుకున్నాడనుకుందాం. ఐదు గుత్తులు, గుత్తికి నాలుగు స్థానాలు, మొత్తం ఇరవై. జనగణన జిల్లా పట్టికలను తీసుకుని నింపితే ఆరు స్థానాలే నిండుతాయి: తూర్పుగోదావరికి మూడు, పశ్చిమగోదావరికి మూడు. మిగిలిన పద్నాలుగూ ఖాళీ.

ఈ పద్నాలుగు ఖాళీలూ ఒక జాతివి కావు. కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. కనుక వాటికి 1991, 2001, 2011 స్థానాలు ఖాళీగా ఉన్నాయంటే అక్కడ మనుషులు లేరని కాదు, ఆ పేరుతో జిల్లా లేదని. ఇవి తొమ్మిది. మిగిలిన ఐదూ 2021వి. కోవిడ్ వల్ల ఆ ఏటి జనగణన జరగలేదు. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని తదుపరి జనగణన జరుపుతామని కేంద్రప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. కనుక ఆ ఐదు ఖాళీలు అన్ని జిల్లాలకూ సమానం. ఎవరెంత వెదికినా అవి నిండవు.

మొదటి తొమ్మిది మాత్రం నిండుతాయి, శ్రమపడితే. 1985లో తాలూకాలు, ఫిర్కాల స్థానంలో మండలాలు వచ్చాయి. 1991 నుంచి జనగణన వివరాలు మండలాల వారీగా లభిస్తాయి. కొత్త జిల్లాలోని మండలాల అంకెలను కూడితే ఆ జిల్లా పాత జనాభా వస్తుంది. ఇది వినడానికి తేలిక. ఏలూరు జిల్లా దగ్గర కూర్చుంటే సంగతి తెలుస్తుంది. ఈ జిల్లాలో పాత పశ్చిమగోదావరి మండలాలు ఉన్నాయి. కృష్ణాజిల్లా నుంచి వచ్చిన నూజివీడు, కైకలూరు ప్రాంతాలున్నాయి. 2014లో పోలవరం ముంపు కారణంగా ఖమ్మం నుంచి వచ్చిన కుక్కునూరు, వేలేరుపాడు ఉన్నాయి. అంటే 2011లోని ఏలూరును నిలబెట్టడానికి ఆనాటి మూడు జిల్లాల పట్టికలు తెరవాలి. బూర్గంపాడు మండలంలో కొన్ని గ్రామాలే ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. కనుక అక్కడ మండలం అంకె కూడా పనికిరాదు, గ్రామస్థాయికి దిగవలసిందే.

3.1 నిండిన కమ్మీల సంగతి

ఖాళీల గురించి ఇంతగా ఆలోచించే వారు కూడా నిండిన ఆరు కమ్మీలను నిశ్చింతగా నమ్ముతారు. నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడుంది. తూర్పుగోదావరి జనాభా 2001లో 49,01,420, 2011లో 51,54,296. పశ్చిమగోదావరిది 2001లో 38,03,517, 2011లో 39,36,966. ఈ అంకెలు సరైనవే. కాని 2022 తరువాతి తూర్పుగోదావరి జిల్లా ఆ తూర్పుగోదావరి కాదు. కోనసీమ వెళ్లిపోయింది, కాకినాడ వెళ్లిపోయింది, రంపచోడవరం, చింతూరు ప్రాంతాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. గోదావరికి పడమటి ఒడ్డున ఉన్న కొవ్వూరు, నిడదవోలు వచ్చి చేరాయి. పేరులో తూర్పు అలాగే ఉంది, ఊళ్లు మారాయి. 2022లో ఏర్పడిన హద్దుల ప్రకారం 2011 జనాభాను లెక్కిస్తే 51 లక్షలు కాదు, సుమారు 18 లక్షలు.

రేపు కొత్త జనగణన అంకె వచ్చాక, ఎవరైనా 2011 పక్కన దానిని నిలబెడితే తూర్పుగోదావరిలో ఏ మహామారి వచ్చి సగానికి పైగా జనం పోయారో అనిపించే చిత్రం తయారవుతుంది. అందులో ఒక్క ఖాళీ కూడా ఉండదు. ఖాళీ కనీసం పాఠకుణ్ణి ఆపి ప్రశ్నింపజేస్తుంది. ఒకే పేరు కింద నిలబడ్డ రెండు వేరు ప్రాంతాల కమ్మీలు ఆ అవకాశమూ ఇవ్వవు.

3.2 సాహిత్యచరిత్రలో ఇదే చిక్కు

జనాభా లెక్కలు మన శాఖవి కావని అనుకునేవారి కోసం తిరుపతి వేంకటకవుల మాట చెబుతాను. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో యండగండిలో జన్మించారు. కడియం నేడు తూర్పుగోదావరిలో ఉంది, యండగండి పశ్చిమగోదావరిలో ఉంది. దశాబ్దాల వారీగా, జిల్లాల వారీగా కవుల జన్మస్థలాలను కమ్మీలుగా చూపే చిత్రంలో జంటకవులు రెండు జిల్లాలకు చీలిపోతారు.

వారు పుట్టిననాడు ఆ రెండు ఊళ్లూ 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలోనే ఉన్నాయి. 1904లో భీమవరం, నరసాపురం, తణుకు, ఏలూరు, యర్నగూడెం తాలూకాలు కృష్ణాజిల్లాకు మారాయి. 1925లో కృష్ణాజిల్లా నుంచి పశ్చిమగోదావరి విడివడింది, మిగిలిన గోదావరి జిల్లాకు తూర్పుగోదావరి అనే పేరు వచ్చింది. తిరుపతిశాస్త్రి 1920లో మరణించారు. అంటే పశ్చిమగోదావరి అనే జిల్లాలో ఆయన ఒక్కరోజు కూడా జీవించలేదు. ఆనాటి జిల్లాల పేర్లనే వాడి చిత్రం గీస్తే పశ్చిమగోదావరికి 1920 వరకు అన్ని దశకాలూ ఖాళీ. ఆ ఖాళీలను చూసి గోదావరికి పడమట కవులు లేరని చెప్పేంత అమాయకులు ఎవరూ ఉండరు. కాని గ్రంథాలయాలు, పత్రికలు, ముద్రణాలయాలు, నాటకసమాజాలు లెక్కించేటప్పుడు ఇదే పొరపాటు సులువుగా జరుగుతుంది. ఏలూరు, నరసాపురం వివరాలు అప్పటి నివేదికల్లో కృష్ణాజిల్లా కింద నమోదై ఉంటాయి. పశ్చిమగోదావరి పేరు కోసం వెదికే పరిశోధకుడికి 1925కు ముందు ఏమీ దొరకదు. దొరకని చోట అతని పట్టికలో సున్న పడుతుంది. ఆ సున్నలోంచి 'పశ్చిమ డెల్టాలో చైతన్యం ఆలస్యంగా వచ్చింది' అనే వాక్యం పుడుతుంది. దత్తాంశంలో లేని చరిత్ర ఇలా తయారవుతుంది.

ఆనాటి పేర్లు వాడటమా, నేటి హద్దులు వాడటమా అన్నది పరిశోధకుడి ఇష్టం. రెండింటికీ సమర్థన ఉంది. ఒకే చిత్రంలో రెండింటినీ కలపడానికి మాత్రం సమర్థన లేదు.

4. గ్రంథపాతం

ఈ సమస్యకు కావలసిన పరిభాష మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. తాళపత్రప్రతిలో ఆకు విరిగినచోట, పురుగు తిన్నచోట పరిష్కర్త చుక్కలు పెట్టి గ్రంథపాతమని సూచిస్తాడు. విరిగిన పాదాన్ని పక్క పాదానికి అతికించి పద్యం పూర్తయినట్టు చూపడు. తానే పూరించినా అది తన పూరణ అని తెలిసే గుర్తు పెడతాడు. పాఠం పోయినచోటు వేరు, కవి ఆ ఘట్టాన్ని రాయకుండా వదిలినచోటు వేరు, ఆ ఘట్టం ఆ కావ్యంలో ఉండవలసిన అవసరమే లేకపోవడం వేరు. పరిష్కర్త ఈ మూడింటినీ ఒకటిగా చూడడు.

కమ్మీ చిత్రంలోనూ ఇదే వివేకం కావాలి. లెక్కించి చూడగా ఏమీ లేదని తేలితే అది సున్న. లెక్కించకపోతే, లేదా లెక్కించినది దొరకకపోతే అది గ్రంథపాతం. ఆ చోట ఆ ప్రశ్నకే అర్థం లేకపోతే అది అవర్తనీయం, అంటే వర్తించనిది. 1971లో కోనసీమ జిల్లా అనే స్థానం ఈ చివరి రకానిది. 2021 జనగణన రెండవ రకానిది. కాగితంమీద మూడూ ఒకే తెల్లదనం.

సున్న కూడా ఒక ఫలితం అన్నది ఇక్కడ మరవకూడదు. నలభై ఊళ్లు తిరిగి ఒక పదం ఎక్కడా వినబడలేదని తేల్చిన పరిశోధకురాలి శ్రమ, ఆ ఊళ్లకు వెళ్లని పరిశోధకుడి ఖాళీ, చిత్రంలో సమానంగా కనబడితే అన్యాయం జరిగేది ఆమెకే.

5. లేసు అల్లినవారు ఎక్కడ?

నాలుగో రకం ఖాళీ ఒకటి ఉంది. దానికి గ్రంథపాతం అన్న పేరు సరిపోదు. మనుషులు ఉంటారు, పని ఉంటుంది, లెక్కలు కూడా తీస్తారు. అయినా ఆ గడిలో వారు కనబడరు, ఎందుకంటే గడిని నిర్వచించిన తీరే వారిని బయట ఉంచుతుంది.

నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాల్లో స్త్రీలు ఇళ్లలో కూర్చుని కొక్కెపు సూదితో లేసు అల్లుతారు. ఆ సరుకు విదేశాలకు ఎగుమతి అవుతుంది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల మీద చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. వారిని కార్మికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగా చూడటం వల్ల వారి శ్రమ కంటికి ఆనకుండా పోతున్నదని, అదే వారి తక్కువ కూలికి కూడా మూలమని ఆ పుస్తకం ప్రధానంగా వాదిస్తుంది. జనగణన చేసే మనిషి గుమ్మం దగ్గర నిలబడి, ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారని అడిగితే, మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందని ఇంటాయన చెబుతాడు. అక్కడితో ఆ గడి మూసుకుంటుంది.

ఇటువంటి లెక్కలతో గ్రామాల వారీగా స్త్రీల వృత్తులను కమ్మీలుగా గీస్తే, గృహపరిశ్రమ అనే స్థానంలో అతి పొట్టి కమ్మీయో, ఖాళీయో కనిపించవచ్చు. దానిని సున్నగా చదివితే మీస్ చెప్పిన అదృశ్యత మరోసారి, మన చేతులమీదుగా జరుగుతుంది. ఇక్కడ చిత్రాన్ని ఎలా సర్దినా ప్రయోజనం లేదు. స్థానాన్ని మూసినా తప్పే, తెరిచి ఉంచినా తప్పే. వర్గాన్ని తిరిగి నిర్వచించి, ఊళ్లోకి వెళ్లి మళ్లీ అడగాలి. అది చేయలేని పక్షంలో ఆ వర్గాన్ని చిత్రంలోకి తేకుండా, ఎందుకు తేలేదో పాఠంలో రాయాలి. స్త్రీల సాహిత్యం మీద పనిచేసేవారికి ఈ మాట కొత్తగా అనిపించదు. పురుషుల పేర్లతోనో, పేరు లేకుండానో అచ్చయిన రచనలను లెక్కించేటప్పుడు వారు ఇదే గోడను ఢీకొంటుంటారు.

6. మాండలిక పదసేకరణలో మూయదగిన ఖాళీలు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఖాళీని ఎన్నడూ మూయకూడదని అనిపించవచ్చు. అలా కాదు. అవర్తనీయమైన స్థానాన్ని మూయడం చాలా సందర్భాల్లో మంచిది.

భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో మాండలిక వృత్తిపదకోశాలు వెలువరించారు. ఒక్కో వృత్తికి ఒక్కో సంపుటం అనే ఆ ఏర్పాటులో, వృత్తి లేనిచోట పదాలు వెదకవలసిన అవసరం రాదు. నేటి పరిశోధకులు ఒక జిల్లానో, ఒక డెల్టానో తీసుకుని అన్ని వృత్తులనూ కలిపి సేకరిస్తున్నారు. అక్కడ ఖాళీలు తప్పవు. కోనసీమ, మెట్ట, సముద్రతీరం, ఏజెన్సీ అని నాలుగు ప్రాంతాలు, వరిసాగు, కొబ్బరి, సముద్రపు చేపలవేట, చేనేత అని నాలుగు వృత్తులు ఊహించుకుందాం. పదహారు స్థానాలు. ఏజెన్సీలో సముద్రపు వేట ఉండదు, మెట్టలో ఉండదు. ఆ రెండు స్థానాలనూ తెరిచి ఉంచితే పాఠకుడు అక్కడ ఏదో పోయిందనుకుంటాడు. ప్రతి ప్రాంతంలోనూ ఉన్న వృత్తులనే పక్కపక్కన చేర్చి గీయడం ఇక్కడ సబబు.

అదే చిత్రంలో కోనసీమ, చేనేత స్థానం ఖాళీగా ఉంటే దానిని మూయడం తప్పు. అమలాపురం దగ్గరి బండారులంక నేతకు పేరుపడ్డ ఊరు. అక్కడ పదాలు దొరకలేదంటే సేకర్త అక్కడికి వెళ్లలేదని అర్థం. అలాగే తీరప్రాంతం అనగానే వలలు, తెరచాపలే గుర్తుకొచ్చేవారు ఉప్పాడలో జాందానీ మగ్గాలున్నాయని మరిచిపోవచ్చు. చిత్రంలోని ఖాళీ సేకర్త వైపే వేలు చూపించే సందర్భాలివి. పరీక్షకులు ముందుగా అడగవలసిన ప్రశ్న కూడా ఇదే.

మూయడానికి ఒక మూల్యం ఉంది. స్థానాలు జరిగిపోతే కమ్మీకి ఉన్న రెండో చిరునామా పోతుంది. ఇక దానిని గుర్తుపట్టడానికి రంగు ఒక్కటే ఆధారం. సిద్ధాంతగ్రంథాలు రంగుల్లో సమర్పించినా, చదివేవారి చేతికి చాలాసార్లు నలుపుతెలుపు జిరాక్స్ ప్రతిగా చేరతాయి. నీలం, ఎరుపు, ఆకుపచ్చ మూడూ బూడిదరంగే అయిపోతాయి. అందువల్ల ఖాళీని మూసినప్పుడు ప్రతి కమ్మీ కింద దాని పేరు విడిగా రాయాలి. గుత్తి కింద ప్రాంతం పేరు, కమ్మీ కింద వృత్తి పేరు. చోటు చాలకపోతే కమ్మీలను నిలువుగా కాక అడ్డంగా పరచాలి. తెలుగు పదాలు పొడవైనవి కనుక మనకు అడ్డ కమ్మీలే ఎక్కువగా కలిసివస్తాయి. ఇది నా అనుభవం.

7. సాఫ్ట్‌వేర్ చేసే నిర్ణయాలు

మనం నిర్ణయించకపోతే సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. ఎక్సెల్‌లో ఖాళీ గడి, సున్న ఉన్న గడి, రెండూ చిత్రంలో ఒకే విధంగా కనిపిస్తాయి. విలువలను కమ్మీలమీద చూపమని ఆదేశిస్తే తేడా బయటపడుతుంది: సున్న ఉన్నచోట '0' కనబడుతుంది, ఖాళీ గడి దగ్గర ఏమీ కనబడదు. నిజమైన సున్నలున్న చిత్రంలో విలువలు చూపడం అందుకే తప్పనిసరి. ఇందులో ఒక ఉచ్చు ఉంది. కొందరు నిజాయితీగా గడిలో 'లేదు' అనో 'దొరకలేదు' అనో అక్షరాల్లో రాస్తారు. ఎక్సెల్ ఆ మాటను సున్నగా తీసుకుని కమ్మీ గీస్తుంది. దొరకలేదన్న మాట చిత్రంలో లేదన్న మాటగా మారిపోతుంది. గడిని ఖాళీగా వదిలి, చిత్రంమీద ఆ స్థానంలో ఒక అక్షరపేటిక పెట్టి అక్కడ రాయడం మేలు.

ఎక్సెల్‌లో ఒక గుత్తిలోని ఖాళీని మాత్రమే మూసే మీట లేదు. ఒక శ్రేణిని తొలగిస్తే అది అన్ని గుత్తుల నుంచీ పోతుంది. దత్తాంశాన్నే తిరిగి పేర్చుకోవాలి. ఒక్కో కమ్మీకి ఒక్కో వరుస ఇచ్చి, గుత్తికీ గుత్తికీ మధ్య ఒక ఖాళీ వరుస వదిలి, మొత్తాన్ని ఒకే శ్రేణిగా గీయాలి. ఎడమవైపు రెండు నిలువు వరుసల్లో ప్రాంతం, వృత్తి రాసుకుంటే అక్షం కింద రెండంతస్తుల పేర్లు వస్తాయి. కమ్మీల మధ్య దూరాన్ని తగ్గించుకుని, రంగులు విడివిడిగా వేసుకోవాలి. కొంచెం చాకిరీయే.

ఆర్ భాషలోని జీజీప్లాట్2 వాడేవారికి దీనికి తిరకాసైన సమస్య ఎదురవుతుంది. ఒక గుత్తిలో కొన్ని విలువలు లేకపోతే, మిగిలిన కమ్మీలను అది సాగదీసి గుత్తి వెడల్పంతా నింపుతుంది. మూడు కమ్మీలుండవలసినచోట ఒక్కటే ఉంటే అది మూడింతల వెడల్పుతో నిలబడుతుంది. ఎత్తు సరైనదే. కాని కన్ను వైశాల్యాన్ని కూడా చూస్తుంది. ఒకే వృత్తి పదాలు దొరికిన ప్రాంతం అన్నిటికంటే సంపన్నంగా కనబడుతుంది. కమ్మీలను పక్కపక్కన జరిపే 'పొజిషన్ డాడ్జ్' ఆదేశంలో 'ప్రిజర్వ్' అనే ఐచ్ఛికానికి 'టోటల్' బదులు 'సింగిల్' అని ఇస్తే వెడల్పులు సమానమవుతాయి. అప్పుడు కూడా ఖాళీ గుత్తి మొదట్లోనో మధ్యలోనో ఉంటే తరువాతి కమ్మీలు ముందుకు జరిగి ఉండవచ్చు. గీసిన తరువాత పట్టికతో ఒకసారి సరిచూసుకోవడం అవసరం.

8. చిత్రాన్ని విడిచిపెట్టడం

ఖాళీలు సగానికి మించితే సమూహ కమ్మీ చిత్రం పనికిరాదన్నది నా అభిప్రాయం. ఇరవై స్థానాల్లో ఆరు కమ్మీలున్న చిత్రం చెప్పేదానికంటే దాచేదే ఎక్కువ. అప్పుడు రెండు దారులున్నాయి. విలియం క్లీవ్‌లాండ్ 1980ల్లో ప్రచారంలోకి తెచ్చిన చుక్కల చిత్రం ఒకటి. అందులో ఒక్కో వర్గానికి ఒక్కో అడ్డగీత ఉంటుంది, విలువ ఉన్నచోట చుక్క పడుతుంది. సున్న అయితే అక్షం మొదట్లో చుక్క ఉంటుంది, విలువ లేకపోతే చుక్కే ఉండదు. కమ్మీ చేయలేని ఈ భేదాన్ని చుక్క శ్రమలేకుండా చేస్తుంది.

రెండో దారి పట్టిక. చిత్రం ఆధునికమని, పట్టిక పాతదని ఒక భావన మన విద్యార్థుల్లో ఉంది; దానికి ఆధారం లేదు. పట్టికలో ఖాళీకి గుర్తు పెట్టుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి గణాంక ప్రచురణల్లో దొరకని సమాచారానికి మూడు చుక్కలు పెట్టే సంప్రదాయం ఉంది. మన పరిష్కర్తలు గ్రంథపాతానికి పెట్టే గుర్తు కూడా చుక్కలే. కాబట్టి దొరకనిదానికి మూడు చుక్కలు, వర్తించనిదానికి అడ్డగీత, లెక్కించి తేల్చినదానికి 0 అని పెట్టుకుని, పట్టిక కింద ఒక్క పంక్తిలో వివరిస్తే సరిపోతుంది.

మొదటి ఉదాహరణకే తిరిగి వస్తే, గోదావరి జిల్లాల చిత్రాన్ని నేనైతే ఇలా గీస్తాను. 2022 ఏప్రిల్ నాటి హద్దులను ప్రామాణికంగా తీసుకుని, 1991, 2001, 2011 అంకెలను మండలాల నుంచి, అవసరమైన చోట గ్రామాల నుంచి కూడి, ఐదు జిల్లాలకూ పదిహేను కమ్మీలనూ కొత్తగా లెక్కిస్తాను. పేరు మారని రెండు జిల్లాల పాత అంకెలను కూడా వదిలిపెట్టను, వాటినీ మళ్లీ లెక్కిస్తాను. 2021 స్థానాన్ని చిత్రం నుంచి పూర్తిగా తీసేసి, ఆ ఏడు జనగణన జరగలేదని చిత్రశీర్షికలో రాస్తాను. అన్ని గుత్తుల్లోనూ సమానంగా ఉన్న ఖాళీ పోలికకు పనికిరాదు, అది చోటు మాత్రమే ఆక్రమిస్తుంది. హద్దులు ఏ తేదీవో శీర్షికలోనే ఉంటుంది, అధస్సూచికలో కాదు. డెల్టా మొత్తం జనాభా చెప్పవలసివస్తే యానాం గురించి మరో వాక్యం చేరుస్తాను. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరి కింద ఉన్న ఆ పట్టణం చుట్టూ గోదావరి జిల్లాలే ఉన్నా, దాని జనాభా మన రాష్ట్ర పట్టికల్లో ఎక్కడా కనిపించదు.